రోటర్‌డామ్‌లో దేవన్న ఎవరు?

ఆర్మూర్,
20 జనవరి 2025.

బామ్మర్ది రాజేశ్వర్‌కు, కోపం ఇంకా సగం మిగిలే ఉన్న బావ వెంకటరాజం రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. సోలాపూర్‌లో నువ్వు, నీలవ్వ, నీ దుప్పట్ల దుకాణం బాగున్నారని తలుస్తాను. ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేమిటి అనుకోకు. ఇది మీ అక్క తీర్పు. మా అమ్మాయి అనూహ్య కొడుకు తొట్టెల పండుగ నాడు మనిద్దరం పెట్టుకున్న గొడవ ఆమె ఇంకా మరిచిపోలేదు. కాపర్ ఫెర్రీ బ్యాండు వాళ్ళు గ్లాస్గోలో బాగా వాయించారని నువ్వన్నావు, రోటర్‌డామ్‌లో బాగా వాయించారని నేనన్నాను. నువ్వు బల్ల గుద్దావు. బల్ల మీది లడ్డూల పళ్ళెం పోయి మా వియ్యపురాలి ఒళ్ళో పడింది.

"యాభై ఏండ్ల కింద ఎవలో తెల్లోళ్ళు వాయించి పోయిన్రు. ఒక్క పాటనే పూటంత వాయిస్తరు. గది గీ ఊర్లె మంచిగుందా, గా ఊర్లె మంచిగుందా అని మీరు తన్నుకుంటున్నరు. ఇగ మీ ఇద్దరికి ఫోన్లు బంద్. కొట్లాడాలంటే ఉత్తరాలల్ల కొట్లాడుకోండ్రి. పోస్టుల పొయ్యేసరికి కోపమన్న సల్లారుతది" అంది లక్ష్మి. ఆమె తీర్పు మీద అప్పీలు లేదని నీకు తెలుసు, నువ్వు నాకంటే ఎక్కువ ఏళ్ళు అనుభవించినవాడివి.

అసలు సంగతికి వస్తాను. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అభిమానుల సంఘం కార్యదర్శి, ఆ హెండ్రిక్, నాకు మెయిలు పెట్టాడు. కాపర్ ఫెర్రీ పాత కచేరీలన్నీ జల్లెడ పట్టి, మంచివి ఏరి, ఒక పెట్టెగా విడుదల చేస్తున్నారు. మన ‘ఉప్పు మెట్లు’ పాటను వాళ్ళు ఎన్ని ఊళ్ళలో వాయించినా పెట్టెలోకి పోయేది ఒక్క ఊరిదే. వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి నువ్వు నెత్తిన పెట్టుకుని ఊరేగే గ్లాస్గో. రెండోది రోటర్‌డామ్, అది కూడా నా దగ్గరున్న క్యాసెట్టు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఆర్మూర్ టేపు’.

రాజేశ్వర్, నీ దగ్గర దాపరికం ఎందుకు. మా నాయన పసుపు అడ్తి దుకాణం పెట్టి పేరు తెచ్చుకున్నాడు. నాకు ఈ వయసులో కూడా ఆయన కొడుకనే పేరు. ఆ పెట్టె మీద ‘వెంకటరాజం, ఆర్మూర్’ అని అచ్చు పడితే అదొక్కటి నేను సంపాదించుకున్నది అవుతుంది. పసుపుతో సంబంధం లేకుండా నాకంటూ ఒక పేరు. ఇది పోతే మళ్ళీ రాదు.

మన టేపులో ఏముందో నువ్వు ఎన్నడూ నిమ్మళంగా వినలేదు. పాట మధ్యలో వాయిద్యాలన్నీ సద్దుమణుగుతాయి. అప్పుడు గరగరమంటూ ఒక డ్రమ్ము దొర్లుతుంది. ఇసుక పోసిన డ్రమ్మేదో ప్రత్యేకంగా చేయించి ఉంటారని నేను సంఘం పేజీలో పెద్ద వ్యాసమే రాశాను, పండితులు మెచ్చుకున్నారు. తర్వాత దూరం నుంచి ఒక మగగొంతు ‘నిర్వాణా’ అని అరుస్తుంది. ఆ రోజుల్లో తెల్లవాళ్ళకు బుద్ధుడి మీద మోజు కదా. దాని వెనకే ఒక ఆడగొంతు. మాటలుండవు, ఉత్త రాగం. బ్యాండులో ఆడమనిషి లేదు. ఆమె ఎవరో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. గుండెను పిండే గొంతు అది. అది వచ్చేటప్పుడు ఇంట్లో ఈగ వాలినా నేను ఊరుకోను. మిగతా వాళ్ళ దగ్గరున్న రోటర్‌డామ్ కాపీల్లో ఈ మూడూ లేవు. కాబట్టి వాళ్ళవి కత్తిరించినవి, మనదే అసలుది అని తేల్చారు.

పెన్‌డ్రైవు పెడుతున్నాను. కొత్త హెడ్‌ఫోన్లు కొన్నావట కదా, వాటితో విను. విని, ఓడిపోయానని నీ చేత్తో రాయి.

నీ బావ,
వెంకటరాజం

తమ్మీ, అక్కను రాస్తున్న. నీలవ్వ మోకాలు నొప్పి ఎట్లుంది? నువ్వుల నూనె రాయమను. గా టేపు గురించి నీకొక మాట చెప్పాలె. ఏందంటే మీ బావ ఇగో కవరు గుంజుకుంటుండు, పోస్టు టైమైతుందట.

* * *

సోలాపూర్,
3 ఫిబ్రవరి 2025.

బావకు నమస్కారాలు. ఈ నమస్కారం నీ వయసుకు, నీ రోటర్‌డామ్‌కు కాదు.

ముందు ఇది చెప్పు. ప్రణయ్ పెళ్ళి ఎవరమ్మాయితో? నీ కొడుకు పెళ్ళి కుదిరితే మేనమామకు అందరికంటే ఆఖరున తెలియాలా?

నవ్వకు. నీ కవరు వచ్చేసరికి నేను దుకాణంలో ఉన్నాను. దాని అంచులన్నీ పచ్చగా ఉన్నాయట. నాలుగు మూలలా పసుపు అంటిన కవరు ఇంటికి వస్తే ఎవరేమనుకుంటారు? నీలవ్వ శుభలేఖ అనుకుంది. లోపల గట్టిగా ఏదో తగిలితే ఇప్పుడు పెళ్ళి పిలుపులు వీడియోలో పంపుతున్నారట కదా, అదే అయ్యుంటుందనుకుంది. కవరు చించి, పెన్‌డ్రైవు తీసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి దగ్గర అక్షింతల గిన్నెలో ఉంచింది. నేను ఇంటికి వచ్చేసరికి తన పుట్టింటికి, మా చిన్నమ్మ ఇంటికి, బాల్కొండలో ఉన్న మన చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నమ్మలేదు. "మీ బావ మస్తు లోతు మనిషి. పాటల ముచ్చట రాసి పెండ్లి దాస్తుండు" అంది. ముహూర్తం చెప్పేదాకా పెన్‌డ్రైవు ఇయ్యనంటోంది. కాబట్టి ప్రస్తుతం నీ రోటర్‌డామ్ అక్షింతల్లో ఉంది. ఇది దానికి ఎక్కువ మర్యాదే.

గ్లాస్గో మాట. అందులో డ్రమ్ములాయన కర్ర జారవిడిచి, తాళం తప్పకుండా రెండో చేత్తో నడిపించే చోటు ఉందే, అలాంటిది నీ టేపులో ఎక్కడైనా ఉందా? ఇసుక డ్రమ్ము, బుద్ధుడు, ఎవరో ఆడమనిషి! కచేరీ అంటున్నావు గాని అది జాతరలాగా ఉంది. హెండ్రిక్‌కు నేనూ రాస్తున్నాను, గ్లాస్గో తరఫున.

అక్క చెప్పబోయిన మాటేమిటో ఆమెనే రాయనివ్వు. మోకాలికి నువ్వుల నూనె మొదలుపెట్టాం.

నీ బామ్మర్ది,
రాజేశ్వర్

* * *

ఆర్మూర్,
12 ఫిబ్రవరి 2025.

రాజేశ్వర్‌కు,

మీ ఆవిడ పుణ్యమా అని నా కొడుకుకు నాకే తెలియకుండా పెళ్ళి చేస్తున్నాను. బాల్కొండ వాళ్ళు పిల్ల ఏం చదివిందని అడిగారు. మీ చిన్నమ్మ ఫోనులో ఏడ్చింది, నన్ను పిలవలేదని. నిన్న మార్కెట్‌లో ఎవరో నా చేయి పట్టుకుని అభినందనలు చెప్పారు. ప్రణయ్ మూడు రోజులు కోపంగా ఉన్నాడు. నాలుగో రోజు మెల్లగా వచ్చి, ఇంతకీ పిల్ల ఎవరు నాయనా అని అడిగాడు.

ఇది పసుపు కాలం. మా గోదాములో గాలి కూడా పచ్చగానే ఉంటుంది. నేను ఏం పట్టుకున్నా పసుపు అంటుతుంది. కరెంటు బిల్లు కట్టినా శుభలేఖలాగే ఉంటుంది. నీలవ్వకు ఈ మాట నిదానంగా చెప్పి పెన్‌డ్రైవు విడిపించుకో.

హెండ్రిక్ దగ్గర పని ముదిరింది. ఆ గొంతు గల ఆవిడ పేరు కావాలట. పేరు, అనుమతి లేకుండా ఎవరి గొంతూ అచ్చు వేయకూడదట. నేను రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నాను. చర్చిలో పాడే పిల్ల అయ్యుంటుందని నా నమ్మకం. గొంతులో భక్తి ఉంది, బెంగ ఉంది. కొత్తగా వేరే చోటికి వచ్చిన మనిషి గొంతు అది. రోటర్‌డామ్ చర్చిల పేర్లు తీసి ఒక్కొక్కదానికి రాయమని అనూహ్యకు చెప్పాను.

మీ అక్క ఇందాక పక్కన నిలబడి ఏదో చెప్పబోయింది. నేను టేపులో ఆ చోటే వింటున్నాను. సప్పుడు చెయ్యకు అన్నాను. ఉత్తరంలో రాస్తానంటోంది గాని కాగితంలో జాగా లేదు, వచ్చేసారి రాస్తుంది.

వెంకటరాజం

* * *

సోలాపూర్,
24 ఫిబ్రవరి 2025.

బావా,

నిలబడి ఉంటే కూర్చో. కూర్చుని ఉంటే నీళ్ళు తాగు.

పెన్‌డ్రైవు చేతికి వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట ఓడిపోతానేమోనని భయపడ్డ మాట నిజం. గరగర డ్రమ్ము వచ్చింది. ఇది నాకు తెలిసిన సప్పుడే అనుకున్నాను. తర్వాత నీ బుద్ధుడు అరిచాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. నీలవ్వకు వినిపించాను. ఆమె ఒక్కసారికే పట్టేసింది.

అది నిర్వాణా కాదు బావా. "ఓ దేవన్నా!" అని. దాని వెనక ఇంకా మెల్లగా "సంచి పట్టరా" అని ఉంది.

రోటర్‌డామ్‌లో దేవన్న ఎవరు బావా?

మీ గోదాములో హమాలీ దేవన్న తప్ప నాకు వేరే దేవన్న తెలియదు. యాదికి తెచ్చుకో. నీ పెళ్ళైన కొత్త. హైదరాబాద్ హాస్టలు దోస్తు దగ్గర ఆ క్యాసెట్టు అడిగి తెచ్చావు, కాపీ చేసుకుని తిరిగి ఇచ్చేశావు. అప్పుడు కాపీ అంటే ఏముంది? రెండు టేపురికార్డర్లు ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకటి పాడుతుంటే రెండోది మైకుతో పట్టుకోవడమే కదా. నువ్వు వాటిని గోదాము పక్క గదిలో పెట్టి, ఎవరూ సప్పుడు చెయ్యొద్దని చెప్పి, మార్కెట్‌కు పోయేవాడివి. నువ్వు పోయాక గోదాములో పని ఆగుతుందా? నీ ఇసుక డ్రమ్ము పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము. దాని మీద యూరప్‌లో పండితులు నీ వ్యాసం చదువుతున్నారు.

ఇక్కడిదాకా పడి పడి నవ్వాను. ఇక మూడోది రాయాలి.

ఆ గొంతు అక్కది.

నేను పొరపడలేదు. మా అమ్మ పనిమీద ఉంటే నన్ను పక్కన పడుకోబెట్టుకుని, గోధుమల్లో రాళ్ళు ఏరుతూ అక్క ఈ రాగమే తీసేది. దానికి నాకు నిద్ర వచ్చేది. మొన్న కుర్చీలో కూర్చుని వింటుంటే ఇప్పుడూ నిద్ర వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కొత్తగా వేరే చోటికి వచ్చిన మనిషి గొంతు అని నువ్వే రాశావు చూడు. పెళ్ళై ఆర్మూర్ వచ్చిన కొత్త ఆమెకు.

గ్లాస్గో గెలిచిందని ఎగరాలి నేను. ఎగరాలని అనిపించలేదు. హెండ్రిక్‌కు నేనేమీ రాయలేదు. ముందు అక్కను అడుగు.

రాజేశ్వర్

* * *

ఆర్మూర్,
5 మార్చి 2025.

రాజేశ్వర్,

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను తిట్టాను. ఓడిపోలేక ఈ కథ అల్లావనుకున్నాను. నిన్ను తిట్టుకుంటూనే పోయి టేపు పెట్టాను. ‘నిర్వాణా’ వినబడే చోట ఎంత ప్రయత్నించినా ఇక దేవన్నే వినబడుతున్నాడు. అరిచింది మా నాయన.

లక్ష్మి వంటింట్లో ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. పోయి ఎదురుగా కూర్చున్నాను.

"లక్ష్మీ, గా టేపుల ఆడగొంతు ఎవలది?"

"నాదే" అంది, తలెత్తకుండా.

"నీదని నీకు తెలుసా?"

"నా గొంతు నాకు తెల్వదా?"

"మరి ఎన్నడన్న చెప్పినవా?"

అప్పుడు తలెత్తింది. "నువ్వు ఎన్నడన్న చెప్పనిచ్చినవా? గా పాట గాడికి రాంగనే నేను నోరు తెరుస్త. నువ్వు ‘జర సప్పుడు చెయ్యకు’ అంటవు. పెండ్లైన కొత్తల చెప్పవోయిన. అనూహ్య పుట్టినంక చెప్పవోయిన. తమ్మికి రాయవోతే కవరు గుంజుకున్నవు. ఇగ గా ఊర్లె చర్చిలన్నిటికి రాయిస్తున్నవు, రాయించు. నాకేంది?"

చంకలో పిల్లిని పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ విన్నావు కదా. నేను వాడికంటే ఒక మెట్టు పైన. పిల్లి అరవబోతే దాని నోరు కూడా మూశాను. నా భార్య గొంతు వినడానికి నా భార్యను నోరు మూసుకొమ్మన్నాను, అది కూడా ఇన్నేళ్ళ పాటు. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

హెండ్రిక్‌కు ఉన్నదున్నట్టు రాశాను. ఇసుక డ్రమ్ము వ్యాసం వెనక్కి తీసుకున్నాను. పెట్టె మీద నా పేరు అక్కర్లేదు, ‘లక్ష్మీబాయి, ఆర్మూర్’ అని వేయండి చాలు అన్నాను. సంఘంలో రెండు పక్షాలు అయ్యాయట. ఒక పక్షం నేను పరిహాసం ఆడుతున్నానంటోంది. ఎక్కడో పసుపు గోదాములో ఇంటి ఇల్లాలు ఇలా పాడటం నమ్మేలా లేదట. రెండో పక్షం నిజమైతే ఇంకా గొప్ప అంటోంది. చివరికి హెండ్రిక్ ఒక షరతు పెట్టాడు. ఆమె అదే రాగం మళ్ళీ పాడితే రికార్డు చేసి ఏప్రిల్ పదిహేను లోపల పంపాలి. గొంతులు పోల్చి, కలిస్తే ఆమె పేరుతో వేస్తారు. లేకపోతే గ్లాస్గో.

ఈ మాట మీ అక్కకు చెప్పాను. ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆనాటి నుంచి నాతో మాట లేదు. ఇన్నేళ్ళు నేను అడిగింది ఇప్పుడు ఇస్తోంది.

నువ్వు ఆమె తమ్ముడివి. ఏదైనా మార్గం చెప్పు.

నీ బావ,
వెంకటరాజం

* * *

సోలాపూర్,
14 మార్చి 2025.

బావా,

మార్గమా? అక్క చిన్నప్పుడు నా మీద అలిగి ఒక వేసవి మొత్తం మాట్లాడలేదు. నేను ఆమె గాజుల డబ్బాలో కప్పను పెట్టినందుకు. నీ తప్పు కప్ప కంటే పెద్దది. బతిమాలడం మొదలుపెట్టు, కాలం పడుతుంది.

ఈ పార్సిల్‌లో చిన్న రికార్డరు, మంచి మైకు పంపుతున్నాను. దెబ్బ తగలకుండా దుప్పట్లో చుట్టాను. దుప్పటి అక్కకు, నీకు కాదు. నీలవ్వ కూడా ఒక మాట రాయమంది. ప్రణయ్ పెళ్ళికూతురి కోసం అని కొన్న చీరను వెనక్కి ఇవ్వదట, పిల్లను మీరే త్వరగా చూసుకోవాలట.

పాడమని అడిగేటప్పుడు హెండ్రిక్ పేరు ఎత్తకు. పెట్టె పేరు ఎత్తకు. ఆమె పాట నీకు కావాలని చెప్పు. నిజమే కదా?

నిజం చెప్పాలంటే నాకూ కావాలి. గ్లాస్గో ఓడిపోయినా ఫరవాలేదు. ఈ మాట ఎవరికైనా చూపించావంటే నేను రాయలేదంటాను.

రాజేశ్వర్

* * *

ఆర్మూర్,
31 మార్చి 2025.

రాజేశ్వర్,

పార్సిల్ అందింది. దుప్పటి మీ అక్క కప్పుకుంటోంది, నేను చలికి పడుకుంటున్నాను. మార్చి నెలలో చలేమిటని అడగకు, మాట్లాడని ఇంట్లో ఎండాకాలం కూడా చలే.

మీ ఆవిడ పుట్టించిన పెళ్ళి ఇంకా నడుస్తోంది. ఫోను మోగితే లక్ష్మి తీసి నా చేతికి ఇస్తుంది. పెళ్ళి లేదు, పిల్ల లేదు అని నేనే అందరికీ చెప్పాలి. ధర్పల్లి నుంచి ఒకాయన, పిల్ల లేకపోతే మా పిల్ల ఉంది అన్నాడు. ప్రణయ్ వాళ్ళ నంబరు రాసుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. నాకు నీ పాట కావాలి లక్ష్మీ అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. తర్వాత అనూహ్య వచ్చి బతిమాలితే ఉగాది నాడు సరేనని తలూపింది. ఇక నా హడావుడి చూడాల్సింది. హాలులో ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ఆపాను, గోడ గడియారంలోంచి సెల్లు తీశాను. వీధిలో మిరపకాయ బజ్జీల బండివాణ్ణి అవతలి గల్లీకి పంపించాను. మైకు బల్ల మీద పెట్టి ఎదురుగా ఆమెను కూర్చోబెట్టాను.

ఆమె కూర్చుంది. మైకు వంక చూసింది. నోరు తెరిచింది, మూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది: "ఏం పాడాలె? నాకు పాటలు రావు."

పౌరుషానికి అనలేదు రాజేశ్వర్. నిజంగానే రావడం లేదు. టేపు వినిపించాను. గొంతు సవరించుకుని ప్రయత్నించింది. బడిలో పిల్ల పద్యం అప్పజెప్పినట్టు ఉంది. తనే ఆపేసి లోపలికి పోయింది. నేను గడియారంలో సెల్లు మళ్ళీ వేశాను.

ఆ గొంతు ఇక లేదేమో. ఉన్న రోజుల్లో నేను పక్కనే ఉన్నాను, వినలేదు. పెట్టె సంగతి ఎటైనా పోనీ. నాకు దిగులుగా ఉంది.

నీ బావ

* * *

ఆర్మూర్,
17 ఏప్రిల్ 2025.

తమ్మీ రాజేశ్వర్‌కు అక్క లక్ష్మీబాయి రాసేది. నాకు మీ లెక్క పుస్తకాల భాష రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. ఈసారి కవరు నా చేతులనే ఉంది, ఎవలు గుంజుకునేది లేదు.

నీ గ్లాస్గోనే పెట్టెల పెడుతున్నరట. మొన్ననే టైము అయిపోయింది. సంబరపడు గాని మొత్తం చదివినంక పడు.

పాట ఎందుకు రాలేదో మీ బావకు తెల్వదు, నీకన్న తెల్వాలె. నేను ఎన్నడు కూసొని పాడలే తమ్మీ. చేతులకు పని ఉంటె నోట్లె అదే వస్తది. కొత్తకోడలుగ గోదాముల కొమ్ములు ఏరుకుంట తీసిందే గా టేపుల పడ్డది. ఏం వస్తుందో నాకు గూడ తెల్వదు. చేతులు ఊకె ఒళ్ళె పెట్టుకొని, ఫ్యాను బంద్ జేసి, గా నల్ల మైకు ముందట కూసోవెడితే నాకు ఊపిరే ఆడలే. నీ మైకు మంచిదే, దాన్ని ఏమంటలేను.

మొన్న పదమూడో తారీకు గోదాముల మనుషులు తక్కువొచ్చిన్రు. సత్తవ్వ ఒక్కతే కొమ్ములు ఏరుతుంది. పాలిష్ డ్రమ్ము తిరుగుతనే ఉంది, మాలు పడుతనే ఉంది. నేను గూడ పొయ్యి పక్కకు కూసున్న. మురిగిపోయినయి ఒక దిక్కు, మంచియి ఒక దిక్కు ఏస్తున్న. మీ బావ అన్నం తిననీకె రమ్మని పిలువ వచ్చిండు. ఆయన జేబుల నీ రికార్డరు ఉండనే ఉంది. గప్పటి సంది దాన్ని జేబుల నుంచి తీస్తనే లేడు, నేను యాడన్న కూనిరాగం తీస్తనేమో అని. దొంగ తిరిగినట్టు నా ఎనుక తిరుగుతుండు.

సత్తవ్వకు నాకు ముచ్చట ఒడిసింది, ఎవల పని వాళ్ళం చేసుకుంటున్నం. డ్రమ్ము గరగర అంటుంది. నాకు తెల్వకుంటనే మొదలైంది తమ్మీ. కొద్దిగ అయినంక, అగో పాడుతున్న గదా అని నాకే ఎరుకైంది. సిగ్గైంది. గాని ఆపలే. ఎనుకట తీసినట్టు సన్నగ రాలే, గొంతు జర బొంగురు పోయింది. ఇన్నేండ్లైంది గదా. గాని రాగం అదే. మా అమ్మ యాదికొచ్చింది. నువ్వు గోధుమల చాట పక్కకు పండుకున్నది యాదికొచ్చింది.

మీ బావ సంచి మీద కూసున్నడు. రికార్డరు చేతులనే ఉంది. నేను చూసిన. సరే తియ్యి, రికార్డు చేసుకోనీ, ఆయనకు అంత ఇదిగ ఉంది గదా అనుకున్న. నిజం చెప్పాల్నంటె ఆయన కోసమే ఇంకింత సేపు తీసిన. కోపం ఉంటె ఉండె గాని పెట్టె మీద పేరు రావాలని ఎంత ఆశ పెట్టుకుండో నాకు తెల్వదా.

కరెంటు పోయి డ్రమ్ము ఆగింది. నేను గూడ ఆగిన. చూస్తె మీ బావ కండ్లు తుడుసుకుంటుండు. చేతులకు పసుపుంది, కండ్లు ఇంకా మండినయి, ఇంకా తుడుసుకుండు. నేనే లేచి కొంగుతోని తుడిసిన. సత్తవ్వ అటు మొఖం పెట్టి నవ్వవట్టింది.

"అయ్యిందా? పంపుకో ఇగ నీ తెల్లోళ్ళకు" అన్న.

ఆయన రికార్డరు దిక్కు చూసిండు. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. అండ్ల ఏం లేదు. బటనే నొక్కలేదట.

ఎవలో ఎన్నడో వాయించిన పాటలు గా ఊరియి, గీ ఊరియి ఇంటి నిండ జమ చేసిన మనిషి. ఎదురుంగ కూసుండి నా ఒక్క పాటకు బటన్ నొక్కలేదు. "ఎందుకు నొక్కలేదయ్యా, మల్ల వస్తదో రాదో" అన్న.

"యాదికే లేదు లక్ష్మీ" అన్నడు. "యినుకుంట కూసున్న."

ఇన్నేండ్ల సంది నా కడుపుల ఉన్న కోపం యాడికి వొయ్యిందో తెల్వదు తమ్మీ. ఎతికినా దొరుకుతలేదు.

మీ అక్క,
లక్ష్మీబాయి